ఆఖరి బండి – అపరాత్రి తలుపు

రాత్రివేళ ఆదరాబాదరాగా స్టేషనుకు చేరేసరికి ఆఖరి బండి కదలిపోయి ఉన్నదనుకుందాం. మరునాడు ఆ సంగతి నలుగురిలో చెప్పేటప్పుడు తెలుగువాడు 'బండి తప్పిపోయింది' అంటాడు. లేదా 'బండి అందలేదు' అంటాడు. ఈ రెండు వాక్యాలలోను కర్త బండియే గాని మనిషి కాడు. హిందీవారు 'గాడీ ఛూట్ గయీ' అంటారు; వారి వాక్యంలోను చేజారినది బండియే. తమిళులు మాత్రం 'వండియై విట్టుట్టేన్' అని, బండిని తామే విడిచినట్లు చెప్పి నేరం నెత్తిన వేసుకుంటారు. బెంగాలీవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, పరీక్ష తప్పిన విద్యార్థివలె, 'ట్రేన్ ఫేల్' చేసినామంటారు. అనువాదం చేసేవారికి ఇటువంటి చోటనే కలం ఆగుతుంది. బండి పోయినదన్న సమాచారం ఏ భాషలోనైనా ఒక్కటే. ఆలస్యానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు మాత్రం ఒక్కొక్క భాష ఒక్కొక్క తీర్పు ముందుగానే వ్రాసి పెట్టి ఉంటుంది.

అది స్టేషనులో వెలువడే తీర్పు. ఇంటికి చేరిన తరువాత అది మారుతుంది. తలుపు తీసిన మనిషి 'ఇంత ప్రొద్దుపోయి వచ్చినారేమి?' అని అడిగినప్పుడు బండి ఊసే లేదు, వచ్చినవాడే కర్త. బండి తప్పిన సంగతి అతడు చెప్పుకోవలసిన సంజాయిషీ మాత్రమే. రాత్రి ఒక్కటే, ఆలస్యమూ ఒక్కటే. స్టేషనులో దాని వ్యాకరణం ఒకటి, గుమ్మంలో దాని వ్యాకరణం మరొకటి. మన ఆధునిక కథ ఈ రెంటిలో మొదటిదానిని చక్కగా నేర్చినదనీ, రెండవదానిని ఇంకను నేర్వవలసి ఉన్నదనీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలు చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆఖరి బండి అనే భావం మనకు మరీ పాతది కాదు. కాలినడకన, ఎడ్లబండిమీద సాగే ప్రయాణంలో చీకటి పడితే ఆగడం సహజమే గాని ప్రమాదం కాదు. సత్రమో, గుడి మండపమో, ఎరిగినవారి వీధి అరుగో ఆ రాత్రికి మజిలీ అయ్యేది. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథల కట్టడమంతా ఈ అలవాటుమీదనే నిలిచినది. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధునితో, మజిలీ మజిలీకి ఒక కథ చెప్పితేనే వెంట వస్తానన్నాడు గోపకుమారుడు. ఆగడమే అక్కడ కథకు పుట్టినిల్లు. ఆగినవాడు ఆలస్యమైనవాడు కాడు. రైలు వచ్చి ఈ లెక్కను మార్చివేసింది. 1899లో బెజవాడకు మద్రాసుతో రైలుదారి కలిసినది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరిమీద వంతెన తెరిచినారు. 1906లో భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినది. జాములతో, ఘడియలతో ప్రొద్దుపుచ్చుకునే మనిషి నిమిషాలకు లోబడినాడు. 'రెండు జాముల రాత్రి' అన్న మాటలో అటొక ఘడియ ఇటొక ఘడియ సర్దుకునే వీలుండేది. పది గంటల నలభై నిమిషాలలో ఆ వీలు లేదు. మజిలీ తొలగి, దాని చోట ఆలస్యం వచ్చి కూర్చున్నది.

ఈ మార్పు కథకులకు లాభించింది. రవీంద్రుడు 1895లో వ్రాసిన 'క్షుధిత పాషాణ్' కథ ఒక జంక్షను స్టేషనులో నడుస్తుంది. ఎక్కవలసిన బండి ఆలస్యమని తెలిసి, విశ్రాంతి గదిలో నిద్రకు సిద్ధపడిన ప్రయాణికులకు, రైలులో పరిచయమైన ఒక అపరిచితుడు పాడుపడిన రాజభవనంలోని తన అనుభవం చెప్పడం మొదలుపెడతాడు. కథ చివరకు రాకముందే బండి వస్తుంది. చెప్పేవాడు వేరొక పెట్టెలోకి పోతాడు. ముగింపు మనకు దక్కదు. కాశీమజిలీలో కథ అయిపోయిన తరువాతనే ప్రయాణం సాగుతుంది. రవీంద్రుని కథలో ప్రయాణం సాగడానికే కథ తెగిపోతుంది. మజిలీ మనిషి చేతిలోనిది. జంక్షను గడియారం చేతిలోనిది. రైలు తెచ్చిన భేదాన్ని ఇంతకంటె సూక్ష్మంగా పట్టుకున్న కథ మరొకటి నాకు కనబడలేదు.

తెలుగులోను ఈ త్రోవ నిండైనదే. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన సంగతి పాఠకులకు విదితమే. ఒక సభలో పాల్గొనడానికి బయలుదేరిన రావుగారు నియమాలు కట్టుకొని బ్రతికే మనిషి. ఏది తగును, ఏది తగదు అన్నది ఆయనకు ఏనాడో తేలిపోయినది. చిన్న స్టేషనులో దిగిన రాత్రి గాలివాన పట్టుకుంటుంది. ఆయనకూ ఒక బిచ్చగత్తెకూ మిగిలినది ఒకటే గది, ఒకటే భయం. తెల్లవారేసరికి ఆమె ప్రాణం లేదు. రావుగారి నియమాలూ నిన్నటివి కావు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 'నల్లజర్ల రోడ్డు'లో బండి లేదు, కారున్నది. అదీ అడవిలో, చీకటిలో ఆగిపోతుంది. పాముకాటు, ప్రాణభయం, ఆదుకోవడానికి వచ్చిన పేదవారి చేయి – పగటివేళ ఒకరినొకరు కన్నెత్తి చూడని మనుషులను ఆ రోడ్డు ఒకచోటికి చేరుస్తుంది. పద్మరాజుదే 'పడవ ప్రయాణం'లో రాత్రి కాలువమీద సాగే పడవలో రంగి తన పద్దాలును గూర్చి చెప్పే మాటలు, కూలీనాలీ జనం ప్రేమను గూర్చి చదువుకున్నవారికి ఉండే తేలిక అభిప్రాయాన్ని నోరెత్తనివ్వవు.

ఈ మూడు కథలలోను రాత్రి చేసే పని ఒకటే. బండి తప్పినప్పుడో, వాహనం ఆగినప్పుడో మనిషి తన హోదా నుంచి జారిపడతాడు. వకీలుకు కోర్టు లేదు, ధనికునికి నౌకరు లేడు, పండితునికి శ్రోతలు లేరు. ఊరు నిద్రపోయిన వేళ రోడ్డుమీద నిలిచిన మనిషికి మిగిలేది దేహమూ, దాని చలీ, దాని ఆకలీ, పక్కనున్న మరొక దేహమూ. ఇది గొప్ప కథావస్తువు. దీనిని మనవారు గొప్పగానే వ్రాసినారు. అయితే ఒక్క విషయం గమనింపదగినది. ఈ కథలలో ఏ ఒక్కటీ ప్రయాణికుని సొంత ఇంటి గుమ్మం దగ్గర ముగియదు. రావుగారు ఇంటికి తిరిగివెళ్ళి ఏమి చెప్పినాడు? చెప్పగలిగినాడా? కథకు ఆ ప్రశ్నతో పని లేదు. తెల్లవారుతుంది, కథ అయిపోతుంది. రోడ్డు మొదటినుంచి చివరిదాకా మనవారి చేతిలో ఉన్నది. తలుపు మాత్రం మూసే ఉన్నది.

తలుపు తెరిచి చూపిన కవి పూర్వం ఒకడున్నాడు. మృచ్ఛకటికం మూడవ అంకంలో చారుదత్తుడు రేభిలుని గానం విని, మైత్రేయునితో కలిసి నడిరాత్రి దాటిన తరువాత ఇంటికి వస్తాడు. శూద్రకుడు ముందుగా ఎవరిని ప్రవేశపెట్టినాడో చూడండి: నౌకరు వర్ధమానకుడిని. యజమాని ఇంకా రాలేదు, రాత్రి సగం గడిచిపోయింది అని వాడు తనలో తాను అనుకొని నడుము వాల్చుతాడు. అంటే ఆలస్యమనేది మనకు మొదట తెలియడం, వచ్చేవాని వల్ల కాదు, వేచి ఉన్నవాని వల్ల. సంగీతపు మైకంలో నడిచివచ్చే చారుదత్తునికి కాలం తెలియదు. నిద్ర ఆపుకునే నౌకరుకు తెలుసు. కాళ్ళు కడగడానికి పరిచారికను లేపబోతే, పడుకున్నవారిని లేపవద్దని చారుదత్తుడు వారిస్తాడు. ఆ ఒక్క మాటతో అతని సంస్కారమంతా కవి మన ముందు పెట్టినాడు. కాని శూద్రకుడు కూడ ఒక తలుపు తెరవలేదు. ధూత ఆ రాత్రి మేలుకొని ఉన్నదో లేదో మనకు తెలియదు. ఇంట దొంగతనం జరిగి, భర్త మాట దక్కించవలసి వచ్చినప్పుడే ఆమె తన హారంతో రంగంమీదికి వస్తుంది.

ఇక మన ఆధునిక కథకు వాకిలి వంటిదైన 'దిద్దుబాటు' చూతము. గురజాడ అప్పారావు 1910లో ఆంధ్రభారతిలో ప్రకటించిన ఈ కథ సరిగా ఈ ఘట్టంతోనే ఆరంభమవుతుంది: పాట కచేరీ చూచి అపరాత్రి ఇంటికి వచ్చిన గోపాలరావు, మూసి ఉన్నదనుకున్న తలుపు. గడియారం ఒంటిగంట కొడుతుంది. తలుపు తోస్తే తెరుచుకుంటుంది. లోపల కమలిని లేదు. అతడు నిద్రపోతున్న రాముణ్ణి లేపుతాడు. తరువాత భార్య వ్రాసిన ఉత్తరం కంటబడుతుంది. చారుదత్తుని ఇంటికీ గోపాలరావు ఇంటికీ మధ్య ఎన్ని శతాబ్దాలున్నా, పాట విని ఆలస్యంగా వచ్చిన యజమాని, నిద్రపోయే నౌకరు, కనబడని భార్య – పాత్రలు అవే. కాని గురజాడ చేసిన మార్పు చిన్నది కాదు. కనబడకపోవడాన్నే ఆయన కమలిని చేతికి ఆయుధంగా ఇచ్చినాడు. ధూత కనబడకపోవడం కవి మరపు. కమలిని కనబడకపోవడం ఆమె సంకల్పం. తెలుగులో ఆధునిక కథ అపరాత్రి తలుపు దగ్గర పుట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఈ కథను నేను కళాశాలలో చదువుకున్నాను, పలుమార్లు దానిపై మాట్లాడినాను. సంస్కరణ, స్త్రీవిద్య, వ్యావహారిక భాష – చెప్పవలసినవన్నీ చెప్పినాననే అనుకున్నాను. ఒకనాడు మా అమ్మకు కథ చదివి వినిపించినాను. విన్నంతసేపు నవ్వుతూ విన్నది. అయిపోయిన తరువాత ఒక్క మాట అడిగినది: 'ఆ పిల్ల అన్నం తిన్నదా?'

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కథలో మళ్ళీ వెదికినాను, అక్కడా దొరకలేదు. అప్పటికి గాని నాకు మా ఇంటి రాత్రులు గుర్తుకు రాలేదు. మా నాన్నగారు బెజవాడలో ఉద్యోగం చేసి, సాయంత్రపు పాసింజరులో ఊరికి తిరిగి వచ్చేవారు. నెలకు రెండు మూడుసార్లు ఆఖరి బండి తప్పేది. అప్పుడు ఏదో ఒక లారీ పట్టుకొని పెద్దరోడ్డుదాకా వచ్చి, అక్కడినుంచి కాలువగట్టున రెండు మైళ్ళు నడిచి, ఒంటిగంటకో రెండుగంటలకో తలుపు తట్టేవారు. మరునాడు ఆ ప్రయాణం ఇంటిల్లిపాదికీ కథ: లారీవాని పాటలు, గట్టుమీద ఎదురైన నక్క, తూముదగ్గర జారిన కాలు. పిల్లలం నోరు తెరుచుకొని వినేవాళ్ళం. ఆ రాత్రికి వంటింట్లోనూ ఒక కథ ఉండేదని మాకు తోచలేదు. బోర్లించి ఉంచిన కంచాలు రెండు, ఒకటి కాదు. ఆయన తినేదాకా ఆమె తినదు. బండి తప్పినది ఆయనకు. భోజనం తప్పినది ఇద్దరికీ. ఆయనకు దారిలో కనీసం ఒక టీకొట్టు ఉండేది.

కాబట్టి మా అమ్మ అడిగినది అమాయకపు ప్రశ్న కాదు, అది విమర్శ. ఆలస్యాన్ని కొలిచే సాధనం గడియారమని గురజాడ అనుకున్నాడు, రైల్వేవారూ అనుకున్నారు. మా అమ్మ లెక్కలో దానిని కొలిచే సాధనం ఆకలి. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని 'దిద్దుబాటు' మళ్ళీ చదివితే ముగింపు మరొక విధంగా కనబడింది. కమలిని పుట్టింటికి పోలేదు. మంచం కింద ఉన్నది. భర్త పశ్చాత్తాపం విని నవ్వినది. మనం దానిని ఆమె గెలుపుగా చెప్పుకుంటాము; గెలుపే. కాని ఒంటిగంటదాకా ఆమె మేలుకొనే ఉన్నదన్న మాట మరవరాదు. ప్రతి రాత్రివలెనే ఆ రాత్రీ ఆమె వేచి ఉన్నది. వేచి ఉండే చోటు మారినది, అంతే: తలుపు పక్కనుంచి మంచం కిందికి. దిద్దుబాటు జరిగినది అతని నడవడికి. ఆమె జాగరణకు కాదు. ఇది గురజాడ లోపమని అనడం లేదు. 1910లో అంతదూరం రావడమే సాహసం. ఆయన తరువాత వచ్చినవారు అక్కడినుంచి ఎంత నడిచినారన్నదే ప్రశ్న.

నడిచినవారు లేకపోలేదు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 'అరికాళ్ళ కింద మంటలు'లో బాలవితంతువు వేచి ఉండడం మాని, జట్కా ఎక్కి వీరేశలింగం పంతులుగారి తోటకు బయలుదేరుతుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లాలు మరచిపోయిన తన పేరును వెదుక్కుంటూ పోయి, దానితో ఇంటికి తిరిగి వస్తుంది. ఇవి గడప దాటిన కథలు. మన స్త్రీల కథ గడప దాటడాన్ని గొప్పగా వ్రాసినది, ఎందుకంటే ముందు జరగవలసినది అదే. గడప ఇవతల కూర్చున్న రాత్రి మాత్రం ఇంకను మిగిలే ఉన్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కథకు చలనం కావాలి; రోడ్డుమీద సంఘటనలున్నాయి, వంటింట్లో ఏమున్నది? వేచి ఉండడం సంఘటన కాదు గదా, దానిని ఎట్లా వ్రాయడం? దీనికి సమాధానం చెప్పడానికి పరదేశపు సిద్ధాంతాలు అక్కరలేదు. మన స్త్రీలు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' చాలును. లక్ష్మణుడు అన్నవెంట అడవికి పోయి, పదునాలుగేండ్ల తరువాత ఇంటికి వస్తాడు. ఇంతకంటె పెద్ద ఆలస్యం ఏ బండి తప్పినా రాదు. ఇతిహాసం ఆ పదునాలుగేండ్లు రోడ్డుమీదనే నడిచినది. పాట మాత్రం పడకగదిలో కాచుకొని కూర్చున్నది. తలుపు తెరిచి లోపలికి వచ్చిన మనిషిని ఊర్మిళ గుర్తుపట్టదు; పరపురుషుడని తలచి మందలిస్తుంది, బెదరిస్తుంది. వచ్చినవాడు తానెవరో చెప్పుకొని నిరూపించుకోవలసి వస్తుంది. అయోధ్యలో జయజయధ్వానాలు అందుకున్న వీరుడు తన గదిలో అపరిచితుడు. ఎంతటి నాటకం! ఆలస్యంగా వచ్చినవాడు వెళ్ళినవాడే అయి ఉంటాడన్న భరోసా లేదనీ, వేచి ఉన్న మనిషి కూడ ఆ మధ్యకాలంలో మారి ఉంటుందనీ ఈ పాట కట్టినవారికి తెలుసు. వారికి తెలిసినది మన ఆధునిక కథకు తెలియకపోవడానికి కారణం చలనం లేకపోవడం కాదు. కూర్చున్న చోటు వేరు కావడం. పాట కట్టినవారు తలుపుకు లోపల కూర్చున్నారు, కథ వ్రాసినవారు బయటినుంచి తట్టినారు.

ఇది పాతకాలపు ఇండ్ల సంగతి, ఇప్పుడెక్కడున్నదని కొందరనవచ్చు. మారినమాట నిజమే, మారినది ఎక్కడో చూడాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కర్మాగారాలలో స్త్రీల పనిని సాధారణంగా ఉదయం ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ మధ్య పరిమితం చేసినది. అంటే ఆఖరి బండి తప్పిపోయే అర్హతే చాలకాలం చట్టరీత్యా వారికి లేదు. తరువాత సడలింపులు వచ్చినాయి. ఆస్పత్రులు, కంప్యూటరు కచేరీలు, అంగళ్ళు రాత్రిని తెరిచినాయి. ముంబాయిలో సుమారు ఒంటిగంట మొదలు తెల్లవారుజామున నాలుగింటిదాకా లోకల్ బళ్ళు నడవవు. ఒకప్పుడు తెలంగాణా నుంచి నేతపని వెదుక్కుంటూ ఆ నగరానికి పోయిన కుటుంబాల మనుమరాండ్రు ఈనాడు ఆ ఆఖరి లోకల్ కోసం పరుగెత్తేవారిలో ఉన్నారు. చేతిలో ఫోను ఉన్నది కాబట్టి వేచి ఉన్నవారికి 'ఏమైనదో' అన్న బెంగ కొంత తగ్గినది. 'ఎక్కడున్నావు' అన్న ప్రశ్న మాత్రం పది నిమిషాలకొకసారి వస్తుంది. పూర్వం ఆలస్యంగా వచ్చిన పురుషుడు మరునాడు కథ చెప్పేవాడు. ఈనాడు ఆలస్యంగా వచ్చిన స్త్రీ ఆ రాత్రే సంజాయిషీ చెబుతున్నది. లారీ ఎక్కి వచ్చినానని మా నాన్నగారు నవ్వుతూ చెప్పినట్లు ఆమె చెప్పగలదా? ఒకే రోడ్డు, ఒకే చీకటి, ఒకే లారీ. ఒకరికి అది సాహసగాథ, మరొకరికి దాచిపెట్టవలసిన రహస్యం. ఈ భేదంలో ఎన్ని కథలున్నాయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆమెకోసం ఆ ఇంట అన్నం తినకుండ కూర్చున్నవారు ఎవరైనా ఉన్నారా అన్నది మరొక కథ.

నేను కోరేది రోడ్డును విడిచిపెట్టమని కాదు. 'గాలివాన', 'నల్లజర్ల రోడ్డు' మన భాష గర్వింపదగిన కథలు. వాటిని ఇతర భాషలలోకి కొనిపోయే పని ఇంకను మిగిలి ఉన్నది. కాని అనువాదకులు ఒక సంగతి మనసులో ఉంచుకోవాలి. 'ప్రొద్దుపోయి వచ్చినారు' అన్న మాటను గడియారపు భాషలోకి మార్చి 'ఆలస్యంగా వచ్చినారు' అని దించితే అర్థం చేరుతుంది, ఆకలి చేరదు. ప్రొద్దు పోవడమంటే వెలుగు పోవడం, పొయ్యి చల్లారడం, ఒకరి రోజు అంతా ఒకరికోసం ఖర్చు కావడం. కథకులకు చెప్పదగినది కూడ ఇదే. ఆఖరి బండి తప్పినవాని వెంట స్టేషను బయటికి నడిచే కథకులు మనకు చాలమంది ఉన్నారు. ఆ రాత్రి వంటింట్లో దీపం తగ్గించి కూర్చొని, రెండవ కంచం ఎప్పుడు తిప్పినారో చూచి చెప్పేవారు కావలసి ఉన్నది.

మా అమ్మ ఇప్పుడు లేదు. కమలిని అన్నం తిన్నదో లేదో నేను చెప్పలేకపోయినాను. ఆ జవాబు గురజాడకు వదిలిపెట్టి ప్రయోజనం లేదు. తరువాతివారమే వ్రాయవలసి ఉన్నది.